పాత ఆల్టోలో ఇంజన్ వణుకు: మౌంటింగ్ మార్చే ముందు నేను చూసినవి

ఒంగోలులో అడిగినా, కావలిలో అడిగినా, నెల్లూరు ఆటోనగర్‌లో అడిగినా ఇంజన్ వణుకుతోందంటే ముందొచ్చే మాట ఒకటే: "మౌంటింగ్ పోయుంటదన్నా, మార్చేద్దాం." మౌంటింగ్ అంటే ఇంజన్ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ. ఆ మాట చాలాసార్లు నిజమే. కానీ ఒక సిలిండర్ సరిగా కొట్టకపోయినా కొత్త రబ్బరు ఆ అదురును కొన్నాళ్లు మింగేస్తుంది, అసలు జబ్బు లోపలే ఉండిపోతుంది. అందుకే నా బండిలో మౌంటింగ్ పని చివరికి పెట్టుకున్నాను.

ముందు వణుకు ఎప్పుడొస్తోందో తేల్చుకోవాలి. హైవే మీద 80లో పోతూ, వెనక బండ్లేవీ లేనప్పుడు, క్లచ్ తొక్కి యాక్సిలరేటర్ వదిలాను. అప్పుడూ స్టీరింగ్ అట్టాగే అదిరితే తప్పు చక్రాల్లో: బ్యాలెన్సింగ్, వంగిన రిమ్ము, ఉబ్బిన టైరు. నాకు అదురు ఆగింది. బండి ఆపి న్యూట్రల్‌లో పెడితే స్లో స్పీడులో వణుకు ఎక్కువ, రేస్ ఇస్తే సర్దుకుంటోంది, ఏసీ వేస్తే మళ్లీ గట్టిగా. ఇది మిస్సింగ్ లక్షణం, అంటే ఏదో సిలిండర్లో పెట్రోలు సరిగా మండటం లేదు.

ఆల్టో 796 సీసీ ఇంజన్‌కి మూడే సిలిండర్లు. బాగున్నా కాస్త ఊగుతుంది, దానికి కంగారుపడనక్కర్లేదు. స్లో స్పీడు 900 ఆర్‌పీఎం అనుకుంటే ఒక్కో సిలిండర్ నిమిషానికి 450 సార్లు, అంటే సెకనుకు ఏడెనిమిది సార్లు కొడుతుంది. ఒకటి చచ్చిందంటే సైలెన్సర్ గొట్టానికి జానెడు దూరంలో అరచెయ్యి పెట్టినా ఆ ఖాళీ తెలుస్తుంది. వాక్యూమ్ హోసు పగిలినా, ఇంజన్లోకి గాలి వదిలే థ్రాటిల్ బాడీలో మసి పట్టినా స్లో స్పీడు పడిలేస్తుంది గానీ, ఇట్టా లెక్కగా తప్పదు.

ఏ సిలిండరో తేల్చడానికి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల కనెక్టర్లు ఒక్కొక్కటే పీకి పెట్టాను. 1, 3 పీకినప్పుడు ఇంజన్ ఆగిపోబోయింది. 2 పీకితే మార్పే లేదు. నడుస్తున్న ఇంజన్‌లో ప్లగ్ వైరు లాగి చూసే అలవాటు మన మెకానిక్కులకు ఇంకా పోలేదు. షాక్ కొడుతుంది, కాయిల్ దెబ్బతింటుంది, కాలని పెట్రోలు, పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది.

రెండో ప్లగ్ తడిగా, పెట్రోలు వాసనతో వచ్చింది. దాన్ని మొదటి సిలిండర్లో వేసి, మొదటిది ఇక్కడ పెట్టినా మిస్సింగ్ రెండులోనే ఉంది, కాబట్టి ప్లగ్ తప్పు కాదు. ప్లగ్ వైర్లకు మల్టీమీటర్ పెడితే మిగతా రెండు వైర్లు కొన్ని వేల ఓమ్‌లు చూపించాయి, రెండో సిలిండర్ వైరు ఏమీ చూపించలేదు, అంటే లోపల తెగింది. రాత్రి లైట్లార్పి, దూరం నుంచి వైర్ల మీద సన్నగా నీళ్లు చల్లితే వంపు దగ్గర నీలం మెరుపు టకటకా దూకింది. వైరు కొస టెర్మినల్‌కి పచ్చటి చిలుం. కొత్తపట్నం వైపు సముద్రపు గాలి తగిలే బండ్లకిది మామూలే. మూడు వైర్లూ, మూడు ప్లగ్గులూ ఒకేసారి మార్చి, ఇంజన్ ఎర్త్ వైరు కొసలు గరుకు కాగితంతో రుద్దాను.

వైరు మార్చినా పోకపోతే కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో, గేజితో చూడాలి: ఇంజన్ వేడిగా ఉండగా మూడు ప్లగ్గులూ తీసి, స్పార్కూ ఇంజెక్టర్లూ ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి స్టార్టర్ కొట్టాలి. ఒకటి బాగా తక్కువుంటే అందులో చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ చూడాలి. పెరిగితే పిస్టన్ రింగులు, పెరక్కపోతే ఎక్కువగా వాల్వులు.

మిస్సింగ్ పోయాక మౌంటింగ్ దగ్గరికొచ్చాను. బానెట్ ఎత్తి, బ్రేకు గట్టిగా తొక్కి, ఫస్ట్ గేరులో, తర్వాత రివర్సులో క్లచ్ కొద్దిగా వదులుతుంటే పక్కన నిలబడ్డ మనిషికి ఇంజన్ ఎంత ఎగురుతుందో కనిపిస్తుంది. బండి ముందు మాత్రం ఎవరూ నిలబడకూడదు. ఒక రబ్బరు నిలువునా చీలి ఉంది. ఇంజనెత్తేటప్పుడు జాకీ మీద వెడల్పాటి చెక్క ముక్క లేకపోతే ఇంజన్ కింద ఆయిల్ ఉండే సంప్ సొట్టపడుతుంది. కొత్తది వేశాక బోల్టులన్నీ చేత్తోనే ఎక్కించి, జాకీ దించి, బరువు రబ్బరు మీద కూర్చున్నాక ఇంజన్‌ని ఒకసారి ఊపి అప్పుడు బిగించాలి. ముందే బిగిస్తే రబ్బరు మెలిపడి, కొత్తదే పాతదానికంటే ఎక్కువ అదురుతుంది.