సూదులు మాత్రం ఆమెకే

పిల్లలు పుట్టడం లేదని నాలుగేళ్లు మా ఆవిడే మందులు మింగింది, స్కానింగులు చేయించుకుంది, పేరంటాలకు వెళ్లడం మానేసింది. నన్ను పరీక్ష చేయించుకోమని ఇంట్లో ఒక్కరూ అనలేదు. నాకూ తోచలేదు, అది నా తప్పే. చివరికి చేయిస్తే మిల్లీలీటరుకు 20 లక్షల వీర్యకణాలు కూడా లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనిష్ఠ ప్రమాణం 1.6 కోట్లు.

డాక్టరుగారు ఇక్సీ చేద్దామన్నారు. మామూలు ఐవీఎఫ్‌లో, అంటే శరీరం బయట ల్యాబులో ఫలదీకరణ చేసే పద్ధతిలో, అండం చుట్టూ వేలకొద్దీ కణాలను వదిలి, ఫలదీకరణ దానంతటదే జరిగేదాకా చూస్తారు. ఇక్సీలో ఒకే ఒక్క కణాన్ని ఏరి, వెంట్రుక కన్నా సన్నని గాజు సూదితో నేరుగా అండంలోకి పంపుతారు. బ్రస్సెల్స్‌లో ఈ పద్ధతితో తొలి బిడ్డ పుట్టింది 1992లో. అంతకు ముందు నాలాంటి చాలామందికి దాత వీర్యమే దిక్కు.

లోపం నాదైనా పొట్టకు రోజూ ఇంజెక్షన్లు ఆమెకే, అండాలు తీసే మత్తూ ఆమెకే. ఇది నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. మొదటి పిండం నిలవలేదు. రెండోది నిలిచింది, ఇప్పుడు ఐదో నెల.

మొన్న పండక్కి మా పెద్దత్త "ఇన్నాళ్లకు మందులు పని చేసి కోడలి కడుపు పండింది" అంది. సమస్య నాదని అందరి ముందూ చెప్పాను. మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి చాలాసేపు ఏడ్చింది.