పిలుపులోనే బిల్లు ఉంటుంది: అమెరికాలో మన పిల్లలకి నేర్పాల్సిన లెక్క

అమెరికాలో పెరిగే తెలుగు పిల్లలు రెస్టారెంట్ బిల్లు దగ్గర రెండు పద్ధతులు చూస్తారు. మనవాళ్లతో వెళ్తే నాన్నా, అంకులూ బిల్లు కోసం పెనుగులాడతారు. ఒకరు చెయ్యి కడుక్కునే వంకతో లేచి కట్టేసి వస్తారు. స్కూల్ స్నేహితులతో వెళ్తే ఎవరి ప్లేటు డబ్బులు వాళ్లు సెంట్లతో సహా ఇచ్చుకుంటారు, అందులో ఎవరికీ చిన్నతనం ఉండదు. మొదటిది మనం చెప్పకుండానే అబ్బుతుంది. రెండోదాన్ని 'వీళ్లకి ప్రేమల్లేవు' అని తీసిపారేస్తాం. అది అన్యాయం. పిల్లలకి రెండూ కావాలి. ఎక్కడ ఏది నడుస్తుందో పిలిచిన మాటలోనే తెలిసిపోతుంది.

'పద, తిందాం' అని మనవాళ్లలో పెద్దవాళ్లెవరైనా అంటే బిల్లు వాళ్లదే. 'లెట్స్ గ్రాబ్ లంచ్' అంటే కలిసి తిందామని మాత్రమే, డబ్బులు ఎవరివి వాళ్లవే. 'మై ట్రీట్', 'ఇట్స్ ఆన్ మీ' అని నోటితో అంటేనే అవతలివాళ్లు కడతారు. స్నేహితుడి అమ్మానాన్నలు తమతో పాటు తీసుకెళ్తే మామూలుగా వాళ్లే ఇస్తారు. అయినా 25-30 డాలర్లు జేబులో పెట్టి పంపండి. బిల్లు వచ్చినప్పుడు పిల్లాడు ఒక్కసారి ఇవ్వబోవాలి. వద్దంటే థాంక్యూ చెప్పి లోపల పెట్టేసుకోవాలి. మన ఇళ్లలో మూడుసార్లు బతిమాలితేనే మర్యాద కాబట్టి తడబాటు ఇక్కడే వస్తుంది. అక్కడ రెండోసారి ఇవ్వబోతే వాళ్ల మాట నమ్మనట్టే.

అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది పుట్టినరోజు. మనకి పుట్టినరోజు ఎవరిదైతే వాళ్లే పార్టీ ఇవ్వాలి. ఇక్కడి టీనేజర్లలో చాలాచోట్ల ఇది పూర్తిగా తిరగేసి ఉంటుంది: స్నేహితులంతా కలిసి పుట్టినరోజు పిల్ల వంతు కూడా పంచుకుంటారు. అది తెలియక మనం 'వాళ్లే ఇస్తారులే' అని పిల్లని ఒట్టి చేతులతో పంపితే బల్ల దగ్గర తల దించుకునేది ఆ పిల్లే. ఆహ్వానం అమ్మానాన్నల నుంచి వస్తే ఖర్చు వాళ్లది, పిల్లల గ్రూప్ చాట్‌లో పుడితే పంచుకోవడమే. మీరే పిలుస్తుంటే 'భోజనం మా వైపు నుంచి' అని మెసేజ్‌లోనే రాసేయండి. కాస్త ముందే వెళ్లి బిల్లు మీకే తెమ్మని సర్వర్‌కి చెప్పండి.

ఎంత ఇచ్చి పంపాలి? డల్లాస్ చుట్టుపక్కల సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం. మెనూలో 16 డాలర్లున్న ప్లేటుకి ట్యాక్స్ 1.32, 20 శాతం టిప్పు 3.20 కలిపితే 20.52 అవుతుంది. మెనూ ధరకి మూడో వంతు కలిపితే చాలాచోట్ల సరిపోతుంది. ఆరుగురు వెళ్లి, ఒకరిది మిగతా ఐదుగురు పంచుకుంటే, అందరిదీ అదే ధరైతే, తలకి మరో 4.10. అంటే దాదాపు 25 డాలర్లు. పిల్లల లెక్క తప్పేది కూడా ఇక్కడే. అందరూ మెనూ ధర మాత్రమే పంపుతారు, ట్యాక్సూ టిప్పూ కార్డు ఇచ్చినవాడి నెత్తిన పడతాయి. కార్డు ఇచ్చే పిల్లాడు ముందు మొత్తం లెక్క వేసుకుని, ఆ తర్వాతే వెన్మోలో (ఫోన్‌లో డబ్బులు పంపుకునే యాప్) అడగాలి. 13 నుంచి 17 ఏళ్ల వాళ్లకి వెన్మోలో టీన్ అకౌంట్ తల్లిదండ్రులే తెరవాలి. విడి బిల్లులు కావాలంటే ఆర్డర్ ఇవ్వకముందే సర్వర్‌ని అడగాలి, తిన్నాక అడిగితే చాలాచోట్ల కుదరదు.

టిప్పు దానం కాదని పిల్లలకి అర్థమయ్యేలా చెప్పండి. ఫెడరల్ చట్టం ప్రకారం టిప్పుల మీద బతికే సర్వర్‌కి యజమాని నేరుగా ఇవ్వాల్సిన కనీస జీతం గంటకి 2.13 డాలర్లు. 1991 నుంచి అది మారలేదు, టెక్సస్‌లో ఇప్పటికీ అంతే. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లో పూర్తి కనీస వేతనం ఇవ్వాలి, అయినా టిప్పు ఆనవాయితీ అక్కడా ఉంది.

బిల్లు చీటీని ఒకసారి పిల్లల చేత చదివించండి. ఆరుగురో ఎనిమిదిమందో దాటితే చాలా రెస్టారెంట్లు 18 లేక 20 శాతం 'గ్రాట్యూటీ', అంటే టిప్పు, ముందే వేసేస్తాయి. దాని కింద 'అడిషనల్ టిప్' అని ఖాళీ గీత ఉంటుంది. పైది చూడకుండా ఆ గీత నింపితే రెండుసార్లు ఇచ్చినట్టే.

మన కుటుంబాలు నాలుగైదు కలిసి వెళ్లినప్పుడు కుటుంబానికింత అని సమానంగా పంచితే, ఇద్దరే ఉన్నవాళ్లూ, మందు ముట్టనివాళ్లూ, శాకాహారులూ నష్టపోతారు. మొహమాటానికి ఎవరూ నోరు విప్పరు, కానీ తర్వాతి పిలుపుకి రారు. పెద్దవాళ్లకి ఒక వంతు, పిల్లలకి అర వంతు, మందు విడిగా అని బయల్దేరకముందే అనుకుంటే చాలు. ఖర్చులు పంచుకునే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో వంతుల పద్ధతి ఉంది.

సెలవులకి ఊరెళ్లే ముందు మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టమనాలి. బాబాయ్ హోటల్‌కి తీసుకెళ్తే 'నా వంతెంత?' అని అడగకూడదు, ఆయన మనసు కష్టపడుతుంది. ధరలు చూసి మధ్యస్థంగా ఉన్నది తెప్పించుకోవాలి. మర్నాడు ఇంటికి పళ్లో స్వీట్లో పట్టుకెళ్లొచ్చు. అక్కడ 20 శాతం టిప్పు అక్కర్లేదు. బిల్లులో వేసే సర్వీస్ ఛార్జీ తప్పనిసరి కాదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022లోనే మార్గదర్శకాలిచ్చింది, వద్దనుకుంటే తీసేయమనొచ్చు.

తాతయ్య, నానమ్మ ఇక్కడికొచ్చినప్పుడు సంగతి వేరు. డాలర్లని రూపాయల్లోకి మార్చుకుని 'నాకేం వద్దమ్మా, ఆకలి లేదు' అంటారు. వాళ్లకి మెనూ చూపించి ధరలు చదివించకుండా, మనవడే 'నేను చెప్తా తాతయ్యా' అని ఆర్డర్ ఇచ్చి, బిల్లు ఫోల్డర్ అమ్మ వైపు జరపాలి.