పరుపు వెనక్కి వెళ్తుంది, బ్లైండ్స్ వెళ్లవు

మ్యూనిక్, శనివారం

జర్మనీలో ఆన్‌లైన్‌లో ఏం కొన్నా 14 రోజుల్లోపు, కారణం చెప్పకుండా వెనక్కి ఇచ్చేయొచ్చని ఇక్కడి తెలుగువాళ్లలో గట్టి నమ్మకం. చాలావరకు నిజమే. మినహాయింపులు ఉన్నాయన్న సంగతి మాత్రం మనం కొన్న వస్తువు వాటిలో పడితే గానీ తెలియదు. కింది ఫ్లాట్ అక్కకి అదే జరిగింది.

కిటికీలకి కొలతలిచ్చి మొన్న రాత్రి రోలర్ బ్లైండ్స్ ఆర్డర్ చేసింది. ఫ్రేములకి రంధ్రాలు పెట్టొద్దని ఇంటి ఓనర్ అనేసరికి, నిన్న పొద్దున్నే క్యాన్సిల్ చేయమని మెయిల్ పెట్టింది. కుదరదన్నారు. "ఇంకా గుడ్డయినా కత్తిరించి ఉండరు కదమ్మా!" అని ఇవాళ టెన్షన్ పడుతూ వచ్చింది.

సరిగ్గా ఈ ప్రశ్నకే 2020లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం జవాబు చెప్పింది. జర్మనీలో ఒకరు ట్రేడ్ ఫెయిర్‌లో ఫిట్టెడ్ కిచెన్ ఆర్డరిచ్చి, తయారీ మొదలవకముందే వద్దనుకున్నారు. కొనేవాళ్ల కొలతల ప్రకారం చేసే వస్తువైతే పని మొదలైనా కాకపోయినా రద్దు హక్కు ఉండదని కోర్టు తేల్చింది. కష్టంగా అనిపించినా నాకు ఇది సబబే. షాపువాళ్లు ఎప్పుడు కత్తెర పట్టారో కొన్నవాళ్లకి ఎలా తెలుస్తుంది?

నా కోపం వేరే దాని మీద. ఆర్డర్ బటన్ మీదే డబ్బు కట్టాల్సి వస్తుందని స్పష్టంగా రాయాలని ఇక్కడి చట్టం చెప్తుంది. మరి "ఇది రద్దు కాదు" అన్న ముక్క కూడా ఆ బటన్ పక్కనే ఎందుకుండకూడదు? ఆ సైట్‌లో అది షరతుల పేజీలో ఎక్కడో అడుగున ఉంది. భాష ఇంకా పట్టుబడని మనిషి అంత లోతుకి వెళ్లి చదువుతుందా?

మాటల్లో పరుపు సంగతి బయటికొచ్చింది. పోయిన వారం తెప్పించిందట, నడుం పట్టేస్తోందట. ప్లాస్టిక్ కవర్ చింపేసింది కాబట్టి ఇక తీసుకోరని ఊరుకుంది. సీల్ తీశాక శుభ్రత కారణంగా వెనక్కి ఇవ్వలేని వస్తువులు ఉన్నాయి, నిజమే. కానీ పరుపు వాటిలోకి రాదని అదే న్యాయస్థానం 2019లో చెప్పింది. వేసుకుని చూసిన బట్టల్లాగే దాన్నీ శుభ్రం చేసి మళ్లీ అమ్మొచ్చు అని. పరీక్షించడానికి అవసరమైనదాని కంటే ఎక్కువ వాడితే, తగ్గిన విలువ మేరకు కోత పెట్టొచ్చు, అంతే. గడువు ఇంకా ఉంది. అక్కడే కూర్చుని మెయిల్ రాసేశాం.

తేదీ ఖరారు చేసుకున్న హోటల్ గదులకి, కచేరీ టికెట్లకి కూడా ఈ 14 రోజులు వర్తించవని చెప్తే అక్క వెంటనే ఫోన్ తీసి తన బుకింగులు చూసుకుంది.

బ్లైండ్స్ విషయంలో ఒకటి మిగిలే ఉంది. మనసు మారితే రద్దు లేదు గానీ, సరుకులో లోపముంటే అమ్మినవాళ్ల బాధ్యత రెండేళ్లు ఉంటుంది. ఇచ్చిన కొలతకి తేడా వచ్చినా లోపమే. పార్సిల్ రాగానే టేపు పట్టి కొలవమన్నాను.