బొమ్మను లాగి చూడండి: లెక్కల క్లాసులో ట్యాబ్

లెక్కల పీరియడ్‌లో ట్యాబ్ తీస్తే చాలాచోట్ల వీడియో పెట్టి వదిలేస్తారు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతికి పంచిన ట్యాబులు కూడా వీడియో పాఠాలతోనే వచ్చాయి. విన్న పాఠం ఇంట్లో మళ్లీ వినడానికి అవి పనికొస్తాయి, కాదనను. కానీ నల్లబల్ల మీద గీసిన బొమ్మను పట్టుకుని లాగలేం, ట్యాబ్‌లో లాగొచ్చు. రేఖాగణితానికి ట్యాబ్ తీయాల్సింది అందుకే.

రేఖాగణిత బొమ్మలు గీసి కదిపి చూసే జియోజీబ్రా జామెట్రీ యాప్ ఉచితంగా దొరుకుతుంది. ఒకసారి ఎక్కించాక నెట్ లేకపోయినా నడుస్తుంది. లాక్ వేసి ఇచ్చిన ట్యాబులైతే కొత్త యాప్ ఎక్కదు, కాబట్టి అనుమతి సంగతి ముందే తేల్చుకోవాలి. ఇద్దరికి ఒక ట్యాబ్ చాలు. ఒకరు తెర మీద గీస్తుంటే రెండోవారు నోట్‌బుక్‌లో మెట్లు రాయాలి, తర్వాత చేతులు మారాలి. తలా ఒకటి ఇస్తే నోట్‌బుక్ తెరిచేవాళ్లు ఉండరు.

సమబాహు త్రిభుజంతో మొదలుపెట్టండి. ఏబీ రేఖాఖండం గీయాలి. ఏ కేంద్రంగా బీ గుండా ఒక వృత్తం, బీ కేంద్రంగా ఏ గుండా ఇంకొకటి. రెండూ కలిసేచోట సీ. అసలు చిక్కంతా ఈ సీ దగ్గరే. చిన్న తెర మీద వేలు ఖండన బిందువును కప్పేస్తుంది, పిల్లలు అంచనాగా ఒక చుక్క పెట్టేస్తారు. చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది. మూవ్ టూల్‌తో బీని లాగగానే వృత్తాలు పెరుగుతాయి, సీ మాత్రం ఉన్నచోటే ఉండిపోయి త్రిభుజం వంకరపోతుంది. ఇంటర్‌సెక్ట్ టూల్ తీసుకుని చుక్క పెట్టాల్సిన చోటు కాకుండా ఒక వృత్తాన్నీ, తర్వాత రెండో వృత్తాన్నీ తాకితే సీ వాటికి కట్టుబడి ఉంటుంది. ఇక ఎంత లాగినా మూడు భుజాలూ సమానమే. ఎందుకని అడిగితే వ్యాసార్థాలు సమానం అనే జవాబు పిల్లల నుంచే వస్తుంది. చెదిరిన బొమ్మను చెరిపేయనివ్వకండి, ముందు అదెందుకు చెదిరిందో రాయించండి.

కోణాలు కొలిచేటప్పుడు రెండు తిరకాసులు ఎదురవుతాయి. బిందువులు తాకిన వరుస తిరగబడితే 50 డిగ్రీలకు బదులు 310 కనబడొచ్చు. కోణం సెట్టింగులో 0 నుంచి 180 మధ్య అని పెట్టుకుంటే సరి. రెండోది, మూడు కోణాల మొత్తం 180.01 అని రావడం. 47.336, 62.337, 70.327 కలిపితే సరిగ్గా 180. తెర మీద రెండు దశాంశాలకు సవరిస్తే అవి 47.34, 62.34, 70.33 అవుతాయి, కూడి చూడండి. సవరించిన విలువల పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ వెతకక్కర్లేదు.

తొమ్మిది, పది తరగతులకు జియోజీబ్రా గ్రాఫింగ్ యాప్‌లో వై = ఎం ఎక్స్ + సి అని కొడితే ఎం, సి లకు స్లైడర్లు, అంటే జరిపి విలువ మార్చే మీటలు, వస్తాయి. స్లైడర్ జరపకముందే రేఖ ఎటు కదులుతుందో నోట్‌బుక్‌లో రాయించాలి, లేకపోతే అది వట్టి ఆటే. గ్రాఫ్‌ను జరపబోయి వేలు అక్షం మీద పడితే ఆ అక్షం ఒక్కటే సాగిపోతుంది. అప్పుడు వాలులు 2, −1/2 ఉన్న రేఖలు కూడా లంబంగా కనిపించవు, వృత్తం కోడిగుడ్డులా అవుతుంది. సెట్టింగుల్లో అక్షాల నిష్పత్తిని 1:1కి మార్చాకే మళ్లీ చూడమనండి.