గోదారి గాలం యాకిమాలో పనిచెయ్యలేదు

నిన్న రాత్రే ఇంటికొచ్చాం. కుడి భుజం ఇంకా లేవట్లేదు. అయినా వేడి మీదే రాసేస్తున్నా.

మాది కోనసీమ. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మడుగుల్లో దిగి ఉత్త చేతుల్తో కొర్రమీను పట్టినవాణ్ణి. వానపాముని గాలానికి గుచ్చి, బెండు మునగ్గానే లాగడం పలకా బలపం కంటే ముందే వచ్చు. అందుకే పెళ్లిరోజుకి ఇక్కడ అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా నదిలో గైడుతో పడవలో ఫ్లై ఫిషింగ్ (ఎరకి బదులు పురుగు బొమ్మ కట్టి చేపలు పట్టడం) బుక్ చేసి, మా ఆవిడతో "నువ్వు ఊరికే కూర్చుని చూడు, చాలు" అన్నాను. నిన్నటి నుంచి ఆ మాట నాలుగుసార్లు అప్పజెప్పింది.

లైసెన్సు ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని, ఒక్క రోజుకి కూడా ఇస్తారు. బెల్‌వ్యూ నుంచి ఐ-90 హైవే మీద స్నోక్వాల్మీ కనుమ దాటితే రెండు గంటల్లో ఆ నది దగ్గరి ఊరు ఎలెన్స్‌బర్గ్.

పోయిన వారం ఒక షాపులో "పడవైనా నీళ్లేగా సార్" అంటూ నీళ్లలో దిగితే తడవకుండా చంకల దాకా వచ్చే వేడర్సు, బూట్లు అంటగట్టారు. 340 డాలర్లు. జూలై ఎండలో అవి తొడుక్కుని రేవుకి వెళ్తే గైడు ఎగాదిగా చూసి "మనం పడవ దిగం కదా" అన్నాడు. రాడ్లు, దారాలు, పురుగు బొమ్మలు అన్నీ వాళ్లే ఇస్తారు. ఏమీ కొనకండి, టోపీ, చలవ కళ్లద్దాలు తప్ప.

ఎలెన్స్‌బర్గ్ దాటాక రోజా డ్యామ్ దాకా నది కొండల మధ్య మెలికలు తిరుగుతుంది. ఒకవైపు రోడ్డు, ఒకవైపు రైలు పట్టాలు. మన గోదారి ఎండాకాలం చిక్కిపోతే ఇది ఎండాకాలమే నిండుతుంది. కీచలస్, కచీస్, క్లీ ఎలమ్ జలాశయాల నుంచి దిగువన యాపిల్, చెర్రీ, బీరులో వేసే హాప్స్ తోటలకి నీళ్లొదిలేది అప్పుడే. సెప్టెంబరులో తగ్గించేస్తారు. ఉరవడిలో చేప నడిమధ్య ఉండదు, గట్టు గడ్డి కింద నక్కుతుంది.

పరువు పోయింది ఇక్కడే. ఎరకి బరువుంటుంది, విసిరితే అదే దారాన్ని లాక్కుపోతుంది. వీళ్లు కట్టింది స్పాంజి లాంటి ముక్కతో చేసిన మిడత బొమ్మ, దూదిపింజంత. దాన్ని విసరలేం. బరువంతా లావుపాటి దారంలోనే ఉంటుంది, దారాన్ని విసిరితే మిడత దాని వెంట వెళ్తుంది. వెనక్కి ఊపాక దారం పూర్తిగా చాచుకునేదాకా ఆగాలి. నాకు ఆగడం రాదు. మొదటిసారి దారం మెడకి చుట్టుకుంది. రెండోసారి కొరడాలా ఛెళ్లుమని మిడత తెగిపోయింది. మూడోసారి గైడు టోపీకి గుచ్చుకుంది. ఆయన తెడ్లు వదలకుండా తల వంచి "తీసుకో" అన్నాడు. అక్కడ గాలానికి ఎదురు ముల్లు ఉండకూడదని రూలు, కాబట్టి ఇట్టే వచ్చేసింది. కళ్లద్దాలు ఎందుకన్నానో అర్థమైందిగా.

తర్వాత "మెండ్" మొదలైంది. గట్టు దగ్గర నీళ్లు నిదానం, పడవ దగ్గర జోరు. మధ్యలో దారం విల్లులా వంగి మిడతని ఈడ్చుకుపోతుంది. నీళ్లలో పడ్డ మిడత అలా పరిగెత్తదని చేపకి తెలుసు. అందుకని దారం పడగానే మణికట్టుతో దాన్ని ఎగువకి మడిచెయ్యాలి. నేను మడిస్తే మిడత కూడా లేచి పడవలోకి వచ్చేది. "మెండ్, మెండ్" అని అరిచీ అరిచీ, చివరికి "అరగంట నువ్వు విసరకు, ఆవిడ చేతిని చూడు" అన్నాడు.

పులుసు తినడం తప్ప చేపతో సంబంధం లేని మనిషి మా ఆవిడ. చెప్పింది చెప్పినట్టు చేసింది, అంతే. గడ్డికి జానెడు దూరంలో మిడత వాలింది. ఒక ముక్కు తేలింది, గ్లుప్‌మంది, మిడత లేదు. పదహారు అంగుళాల రెయిన్‌బో ట్రౌట్, పక్కన గులాబీ చార, ఒంటినిండా నల్ల చుక్కలు. భోజనాల వేళకి నాలుగు పట్టింది. పడవ వెనక సీట్లో నేను శాండ్‌విచ్ తిన్నాను.

నాకూ రెండు తగిలాయి. బెండు మునిగితే గుంజే చెయ్యి కదా, రెండుసార్లూ గుంజాను, రెండుసార్లూ మిడతని కట్టిన కొసన ఉండే సన్నదారం తెగింది. రాడ్ ఊరికే పైకెత్తాలట. మూడోది వలలోకొచ్చింది, తొమ్మిది అంగుళాలు. ఫోటోకని పొడిచేత్తో పట్టుకోబోతే "చెయ్యి తడుపు!" అని గసిరాడు. పొడిచెయ్యి తగిలితే దాని ఒంటిమీది జిగురు పొర పోతుందట. తడిపేలోపు అది జారిపోయింది. అక్కడ ట్రౌట్‌ని ఎలాగూ వదిలెయ్యాల్సిందే, కానీ ఫోటో కూడా లేకపోతే ఊళ్లో ఎవరు నమ్ముతారు?

ఇద్దరికీ కలిపి 650 డాలర్లు, ఇరవై శాతం టిప్పు వేరే. టిప్పు దగ్గర మాత్రం పీనాసితనం చెయ్యకండి. పొద్దుట్నుంచి ప్రవాహానికి ఎదురు తెడ్లేసి పడవని నిలబెట్టినవాడాయన. వంద డాలర్ల బిర్యానీ పార్టీకి ఆలోచించం, ఇక్కడ లెక్కలు తీస్తాం.

ఇవాళ పొద్దున వేడర్సు వెనక్కిద్దామని షాపుకెళ్తే "వాడారుగా, తీసుకోం" అన్నారు. మీడియం సైజు, బూట్లు తొమ్మిది. ఒక్క నీటిచుక్క తగల్లేదు. ఎవరికైనా కావాలంటే సగం ధరకి ఇచ్చేస్తా.