అంగడి బందైన నెలలు, గుమ్మిలో జొన్నలు

ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు దాదాపు 300 కిలోమీటర్లు. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి జేబీఎస్‌లో దింపేస్తుంది. ఈసారి నాతో మా ఆశ్రమ పాఠశాలలో వంట చేసే అక్క వచ్చింది. వాళ్లు గోండులు, ఊరు ఉట్నూరు వైపు ఒక గూడెం. కొడుకు ఉస్మానియాలో పీజీ చదువుతున్నాడు. వాణ్ని చూడాలని ఆమెకు, మాసబ్‌ట్యాంక్‌లోని గిరిజన మ్యూజియం చూడాలని నాకు. మెట్రోలో లక్డీకాపూల్ దాకా వెళ్లి, అక్కడ ఆటో మాట్లాడుకున్నాం.

మ్యూజియంలో జనం లేరు. బొమ్మలతో కట్టిన గూడేల నమూనాలు, విల్లంబులు, బుట్టలు, డోళ్లు. నేను బోర్డులు చదువుకుంటూ పోతున్నాను. అక్క మాత్రం వెదురు సామాన్లలో గింజలు దాచే గుమ్మి దగ్గర ఆగిపోయింది. "కరోనప్పుడు మా ఇంట్ల గుమ్మి నిండ జొన్నలుండె మేడం. గందుకే మేం ఎవరింటికీ పోలే" అంది. అక్కడినుంచి మాటలు మొదలయ్యాయి. మ్యూజియం సంగతి నాకు సగమే గుర్తుంది, ఆమె చెప్పింది మాత్రం అంతా గుర్తుంది.

2020 మార్చిలో బడి మూసి పిల్లల్ని ఇళ్లకు పంపేశాం. హాస్టల్‌లో గుడ్డూ పప్పూ తినే పిల్లలు ఒక్కసారిగా ఇంటి మీద పడ్డారు. గూడేల దారులకు కంప అడ్డం వేశారు. అంగడి బందైంది. సరిగ్గా ఇప్పపువ్వు రాలే రోజులవి. దాని వెనకే తునికాకు. ఏటా ఆ రెండింటి మీద వచ్చే డబ్బుతోనే ఉప్పు, నూనె, మిర్చి, వానాకాలం విత్తనాల ఖర్చు గడిచేది. చెట్టు ఆ ఏడు కూడా పువ్వు రాల్చింది. ఆడవాళ్లు ఏరి ఎండబెట్టారు. కొనే షావుకారి రాలేదు. 49 రకాల అటవీ ఉత్పత్తులకు మద్దతు ధర పెంచుతున్నట్టు కేంద్రం మే 1న ప్రకటించింది. మంచిదే, కానీ అప్పటికి ఇప్పపువ్వు కాలం దాదాపు అయిపోయింది. కొనే మనిషే లేనప్పుడు ధర ఎంతైతే ఏం?

అడవిలో తిండి తక్కువ కాలేదు, తెగిపోయింది అంగడి. ఆ తేడా నాకు ఆమె మాటల్లోనే అర్థమైంది. వాళ్ల తమ్ముడిదీ అదే గూడెం, అలాంటి భూమే. ఆయన మొత్తం పత్తి వేశాడు. పత్తి అమ్మిన డబ్బు అప్పులకు పోయింది, ఇంట్లో గింజ లేదు. అక్క వాళ్లు ఇంటి వెనక చెలకలో జొన్న, అందులోనే కంది వేస్తారు. జొన్న గట్క, కందిపప్పు, ఉడకబెట్టిన ఇప్పపువ్వు, దొరికిన ఆకుకూర తిని ఆ నెలలు గడిపారు. "పత్తి ఉడకవెట్టుకొని తినం గద మేడం" అంది. రాష్ట్ర ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1500 రూపాయలు ఇచ్చింది. తమ్ముడి ఇంటిని నిలబెట్టింది ఆ బియ్యమే, కాదనను. ఇద్దరికీ కరువైంది ఉప్పు. ఇంట్లో ఉప్పున్నవాళ్లు చేటెడు ఇప్పపువ్వు తీసుకుని గ్లాసెడు ఉప్పు ఇచ్చారట.

చెంచుల నమూనా ముందు కాసేపు నిలబడ్డాం. వాళ్ల లెక్క వేరు. సాగు తక్కువ, తేనె, బంక, దుంపలు ఎక్కువ. తేనె, బంక అమ్ముకునే దారి మూసుకుపోతే జొన్న గుమ్మి కూడా ఉండదు. ఆదివాసులంటే ఒకటే జనం, ఒకటే తిండి అనుకునేవాళ్లు ఇక్కడికొచ్చి ఒక పూట తిరగాలి.

మర్నాడు ఆదివారం ఉస్మానియాకు వెళ్తూ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ గేటు ముందు నుంచి నడిచాం. 1918లో, ప్రపంచమంతా ఫ్లూతో అల్లాడిన ఏడాదే, కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో ఇక్కడికి వచ్చింది. జొన్నే ప్రధానంగా తినే పేదల్లో పెల్లగ్రా వస్తోందని 1960లో రాసిన వారిలో ఈ సంస్థ శాస్త్రవేత్త గోపాలన్ ఒకరు. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు కట్టే జబ్బు అది. పాత తిండిని దేవుణ్ని చేసే మన సిటీ ఉత్సాహానికి ఇది మంచి మందు. అక్కకు చెప్తే ఆశ్చర్యపోలేదు. "ఉత్త జొన్న ఎవలు తింటరు, పప్పు లేంది?" అంది.

కొడుకు హాస్టల్ గేటు దగ్గర ఎదురొచ్చాడు. టీ తాగి, పక్కనే ఉన్న సూపర్‌మార్కెట్‌కు వెళ్లాం. అక్కడ కొర్రలు, సామలు అద్దాల్లాంటి ప్యాకెట్లలో ఉన్నాయి. ధర చూసి ఆమె నవ్వింది. "మాకు బియ్యమిచ్చి మా గింజలు మీరు తింటున్నరా?" ఒక ప్యాకెట్ వెలుతురుకు పట్టి చూసి, పొట్టు తీసినవి, మొలవవు అని మళ్లీ అరలో పెట్టేసింది.

బయటికొచ్చాక నార్నూర్‌లో ఉన్న వదినకు ఫోన్ చేసింది. అక్కడ ఎవరో ముసలామె దగ్గర కొర్ర విత్తనం ఇంకా ఉందట. ఈ వానాకాలం తమ్ముడి చేను గట్టు వెంట నాలుగు సాళ్లు వేయిస్తానంది. మిగతాది పత్తేనా అని అడిగాను.

"పత్తే మేడం. అప్పు తీరాలె గద."