తొమ్మిది రాత్రులు, మూడు దేశాలు, ఒక అద్దె కారు

దసరా సెలవులకు యూరప్ వెళ్ళి అక్కడ కారు అద్దెకు తీసుకుని తిరుగుదామని మా తమ్ముడు ఉగాది నాడు పచ్చడి తింటూ అన్న మాటను విశాఖ ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. జూన్ వచ్చేసరికి అదే మాట భోజనాల బల్ల మీద పరిచిన పటంగా, ఫ్రిజ్ తలుపుకు అంటించిన క్యాలెండరుగా, మా నలుగురి మధ్య రోజూ రాత్రి జరిగే వాదనగా మారిపోయింది. ప్రయాణం ఇంకా మొదలు కాలేదు. అయినా నెల రోజుల కసరత్తులో తెలుసుకున్నది తక్కువేమీ కాదు కాబట్టి, మర్చిపోకముందే రాసి పెట్టుకుంటున్నాను.

మొదట మాకు తెలిసిన ఒక ట్రావెల్ ఏజెంటు ఐదు దేశాలు, ఏడు రోజులు అని ఒక కాగితం ఇచ్చారు. పది గంటలకు ఒక రాజధానిలో కోట, రెండు గంటలకు మరో దేశంలో భోజనం, రాత్రికి ఇంకో దేశంలో పడక. పొద్దున్నే పెట్టె సర్దడం, సాయంత్రం పెట్టె విప్పడం తప్ప అందులో నాకు ఇంకేమీ కనిపించలేదు. మా మరదలు ఆ కాగితాన్ని వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న వైపు తొమ్మిది గీతలు గీసి, "వదినా, మనకున్నవి తొమ్మిది రాత్రులు. ఏ రాత్రి ఎక్కడ పడుకుంటామో ముందు తేల్చండి, ఊళ్ల సంగతి తర్వాత చూద్దాం" అంది. మా ప్రణాళిక అంతా ఆ గీతల మీదే నడిచింది. పగళ్లను ఎంతైనా సాగదీయవచ్చనిపిస్తుంది కానీ రాత్రులు మాత్రం లెక్కకు లొంగి ఉంటాయి.

ఎన్నో పేర్లు కొట్టివేశాక మిగిలినవి ఆస్ట్రియా, స్లొవాకియా, హంగరీ. ప్రాగ్ పోయింది, సాల్జ్‌బర్గ్ పోయింది. వాటి కోసం మావారు రెండు రోజులు ముభావంగా ఉన్నారు. ఈ మూడింటినే ఎంచుకోవడానికి కారణం దూరాలు. వియన్నా నుంచి బ్రాటిస్లావా సుమారు 80 కిలోమీటర్లు, అంటే మనం విజయనగరం దాటి కాస్త ముందుకు వెళ్ళినంత. అక్కడి నుంచి బుడాపెస్ట్ 200 కిలోమీటర్లు, మన లెక్కలో రాజమండ్రి. తిరుగుదారిలో బాలాటన్ సరస్సును, గ్రాట్స్ నగరాన్ని కలుపుకుని మళ్ళీ వియన్నా చేరితే మొత్తం ప్రయాణం 800 కిలోమీటర్లకు అటూ ఇటూగా తేలింది. విశాఖ నుంచి చెన్నైకి రోడ్డు మీద ఉండే దూరాన్ని అక్కడ మూడు దేశాలకు పంచి తిరుగుతామన్నమాట.

రాత్రుల లెక్క ఎంత ముఖ్యమో వీసా దగ్గర తెలిసివచ్చింది. ఈ మూడింటితో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు మనకు తోచిన దేశానికి దరఖాస్తు పెట్టుకోవడం కుదరదు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే పెట్టాలి, రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి పెట్టాలి. మా మొదటి చిత్తులో వియన్నాకు రెండు, బ్రాటిస్లావాకు ఒకటి, బుడాపెస్ట్‌కు మూడు, బాలాటన్‌కు రెండు, విమానం ఎక్కే ముందు మళ్ళీ వియన్నాకు ఒకటి ఇచ్చాము. ఆ లెక్కన హంగరీకి ఐదు రాత్రులు, ఆస్ట్రియాకు మూడు. తమ్ముడు అప్పటికే ఆస్ట్రియా ఫారాలు సగం నింపేశాడు. ఆ తర్వాత బుడాపెస్ట్ నుంచి ఒక రాత్రిని, బాలాటన్ నుంచి ఒక రాత్రిని తీసి, ఒకటి వియన్నాకు, ఒకటి గ్రాట్స్‌కు ఇచ్చాము. ఆస్ట్రియాకు ఐదు, హంగరీకి మూడు, స్లొవాకియాకు ఒకటి అయ్యాయి. ఫారాలు పనికొచ్చాయి. అయితే ఫారాల కోసం ప్రయాణాన్ని మార్చామా, ప్రయాణం కోసం మార్చామా అని మావారు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

ఇక మిగతావన్నీ కాగితాల పనులే. పెద్దవాళ్లకు రుసుము 90 యూరోలు, ఇది 2024 జూన్‌లో పెరిగిన ధర. దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు కానీ కనీసం 15 రోజుల ముందైనా పెట్టి తీరాలి. వైద్య బీమా 30,000 యూరోలకు తగ్గకూడదు. పాస్‌పోర్టు తీసుకుని పదేళ్లు దాటి ఉండకూడదు, మనం తిరిగి వచ్చే తేదీ తర్వాత ఇంకా మూడు నెలల గడువు అందులో మిగిలి ఉండాలి. ఒకసారి లోపలికి వెళ్ళాక మూడు దేశాల మధ్య మామూలుగా తనిఖీ ఉండదు. కానీ హంగరీ వైపు నుంచి వచ్చే వాహనాలను ఆస్ట్రియా 2015 నుంచి సరిహద్దులో పరిశీలిస్తూనే ఉంది కాబట్టి, పాస్‌పోర్టులను పెట్టె అడుగున కాకుండా చేతి సంచిలోనే ఉంచుకోవాలని అనుకున్నాము.

కారు విషయంలో మాకు అన్నిటికంటే ముందు అర్థమైన సంగతి, ఎక్కడ తీసుకున్నామో అక్కడే తిరిగి అప్పగించాలన్నది. ఒక దేశంలో తీసుకుని మరో దేశంలో వదిలేస్తే, కారును వెనక్కి తెచ్చుకునే ఖర్చు కూడా మన దగ్గరే వసూలు చేస్తారు. కొన్నిసార్లు అది అద్దెను మించిపోతుంది. అందుకే మా దారి గీతలా కాకుండా వలయంలా వచ్చింది. సరిహద్దు దాటిస్తామని ముందే చెప్పి అనుమతి రాయించుకోవాలి. పూచీ సొమ్ముకు నడిపేవారి పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి, డెబిట్ కార్డును చాలాచోట్ల ఒప్పుకోరు. ఆటోమేటిక్ గేరు బండ్లు అక్కడ తక్కువగా దొరుకుతాయి, అద్దె కూడా ఎక్కువ. అయినా ఆ ఖర్చుకు మేము వెనకాడలేదు. కుడి చేత్తో గేరు మార్చడం, కుడి పక్కన నడపడం రెండూ ఒకేసారి నేర్చుకునే వయసు మాకు దాటిపోయింది.

వియన్నాలో ఉన్న మూడు రోజులూ కారు వద్దనుకున్నాము. 2022 మార్చి నుంచి దాదాపు నగరమంతా రుసుము చెల్లించే పార్కింగ్ ప్రాంతమే. పని దినాల్లో ఉదయం 9 నుంచి రాత్రి 10 వరకు, అదీ ఒకచోట రెండు గంటలకు మించి నిలపకూడదు. రెండు గంటలకోసారి లేచి వెళ్ళి బండి జరుపుకునేవాళ్లం షోన్‌బ్రున్ కోటను ఏం చూస్తాం? కాబట్టి నాలుగో రోజు ఉదయం నగరం నుంచి రైల్లో ష్వెహాట్‌లోని విమానాశ్రయానికి వచ్చి, అక్కడే కారు తీసుకుంటాము. విమానాశ్రయం ఎలాగూ నగరానికి తూర్పున, బ్రాటిస్లావా వెళ్ళే వైపే ఉంది.

ఆ తొలి రోజు మోటారు రహదారిని వదిలి డాన్యూబ్ నది వెంట సాగే పాత రోడ్డు పట్టుకోవాలన్నది నా పట్టుదల. ఆ దారిలో కార్నుంటుం ఉంది. రోమన్ల కాలంలో అది సరిహద్దు సైన్యం మకాం వేసిన పెద్ద పట్టణం, రెండో శతాబ్దంలో మార్కస్ అరీలియస్ చక్రవర్తి యుద్ధాల కోసం వచ్చి కొంతకాలం అక్కడే ఉన్నాడు. ఇప్పుడు పొలాల మధ్య సగం కూలిన ఒక రాతి ద్వారం ఒంటరిగా నిలబడి ఉంటుంది. దీనికోసం ఒక పూట ఎందుకని తమ్ముడు అడిగాడు. భీమిలి రోడ్డులో మన తొట్లకొండ మీద తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి కదా, వాళ్ల డబ్బు మన కొండ దాకా వచ్చినప్పుడు మనం వాళ్ల గుమ్మం దాకా వెళ్ళడం మర్యాద అన్నాను. వాదనలో పస లేదని నాకూ తెలుసు, కానీ పూట దక్కింది.

బ్రాటిస్లావాకు ఒక్క రాత్రి చాలు. హంగరీ రాజులకు 1563 నుంచి 1830 వరకు పట్టాభిషేకాలు జరిగిన చర్చి, డాన్యూబ్‌లో మొరావా నది కలిసే చోట కొండ మీదున్న దేవీన్ కోట, ఈ రెండూ చూస్తే మా లెక్క తీరుతుంది.

హంగరీలో ప్రవేశించే ముందు విన్యెట్ అనే మోటారు రహదారి చీటీ సంగతి చూసుకోవాలి. మన ఫాస్టాగ్‌లా గేటు గేటుకూ కోత పడదు. ఇన్ని రోజులకు ఇంత అని ముందే కట్టేయాలి. ఆస్ట్రియాలో అద్దెకిచ్చే కార్లకు ఆ దేశపు విన్యెట్ సాధారణంగా ఉండనే ఉంటుంది కానీ స్లొవాకియాది, హంగరీది మనమే కొనుక్కోవాలి. ఆ రెండు దేశాల్లో అద్దానికి అంటించే కాగితం లేదు, బండి నంబరు మీద ఆన్‌లైన్‌లో నమోదవుతుంది, కెమెరాలు నంబరు చదువుకుంటాయి. అన్నీ ముందే కొనేసి నిశ్చింతగా ఉందామనుకున్న మావారికి ఇక్కడే చుక్కెదురైంది. తాళం చేతికి వచ్చేదాకా బండి నంబరు తెలియదు కదా! అందుకని అద్దె కార్యాలయం ముందే నిలబడి, నంబరు పలకను ఫోటో తీసి, సున్నాను ఓ అక్షరంగా కొట్టకుండా జాగ్రత్తపడి, కదలకముందే కొనాలని క్యాలెండరులో ఆ తేదీ కింద ఎర్ర సిరాతో రాసి పెట్టారు.

బుడాపెస్ట్ గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను ఎక్కువ రాయను. 1873లో బుడా, ఓబుడా, పెస్ట్ అనే మూడు ఊళ్లు కలిసి ఒక్కటైన నగరం అది. అక్కడి మొదటి మెట్రో మార్గం 1896 నాటిది, ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ కూడా కారును హోటల్ గ్యారేజీలో పెట్టేసి మెట్రోలోనే తిరుగుతాము. ఆస్ట్రియా, స్లొవాకియాల్లో యూరో నడుస్తుంది కానీ హంగరీది ఫోరింట్. చాలాచోట్ల కార్డు పనిచేస్తుంది కనుక నోట్లు కొద్దిగా మార్చుకుంటే సరిపోతుంది.

నేను రోజులు లెక్కపెట్టుకుంటున్నది మాత్రం బాలాటన్ కోసం. మధ్య యూరప్‌లో అదే అన్నిటికంటే పెద్ద సరస్సు. పొడవు 77 కిలోమీటర్లున్నా, మధ్యలో తిహాన్య్ ద్వీపకల్పం చొచ్చుకు వచ్చిన చోట వెడల్పు ఒకటిన్నర కిలోమీటర్లే. మోటారు రహదారి దక్షిణపు ఒడ్డున సాగుతుంది, ఆ ఒడ్డున సాంతోద్ రేవులో కారుతో సహా పంటు ఎక్కితే కాసేపట్లో తిహాన్య్‌లో దింపుతుంది. కోనసీమలో పుట్టిన మావారికి పంటు అనగానే ముఖం వెలిగిపోయింది, ప్రాగ్ అలక అప్పుడు తీరింది. తిహాన్య్ కొండ మీద ఒక మఠం ఉంది. 1055లో రాజు ఆ మఠానికి రాయించి ఇచ్చిన దానపత్రం లాటిన్ భాషలో ఉన్నా, భూముల హద్దులు చెప్పేచోట హంగేరియన్ మాటలు దొర్లాయి. ఆ భాషకు దొరికిన అతి పాత రాత ఆధారాల్లో అది ముఖ్యమైనది. మనవాళ్లు తొలి తెలుగు మాటగా చెప్పుకునే, అమరావతి శాసనంలోని 'నాగబు'ను చూసుకున్నట్టు వాళ్లు ఆ పత్రాన్ని చూసుకుంటారు. అందులో అందరూ చెప్పుకునే పదబంధానికి అర్థం 'ఫెహెర్వార్‌కు వెళ్ళే సేనల బాట దాకా' అని. వాళ్ల భాష తొలిసారి కాగితానికెక్కినప్పుడే ఒక రోడ్డు గురించి మాట్లాడింది! ఇది చదివాక ఆ రాత్రిని ఇంకో ఊరికి మార్చుదామని ఎవరన్నా నేను ఒప్పుకోవడం లేదు.

గ్రాట్స్ నుంచి వియన్నా వచ్చే దారిలో సెమ్మరింగ్ కనుమ తగులుతుంది. 1854లో పూర్తయిన 41 కిలోమీటర్ల కొండ రైలు మార్గం అక్కడుంది, యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అరకు రైల్లో సొరంగాలు లెక్కపెడుతూ పెరిగినవాళ్లం, ఆగకుండా ఎలా వెళ్తాం?

ఇక నడపడం. ఒక ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు బల్ల మధ్యలో స్టీలు కంచం బోర్లించి, చుట్టూ చింతగింజలు పేర్చి రౌండబౌట్ పాఠం మొదలుపెట్టాడు. అక్కడ గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరగాలి. మావారు గింజను నాలుగుసార్లు తిప్పి, నాలుగుసార్లూ అలవాటుగా మన దిశలోనే తిప్పి, ఐదోసారికి సరిచేసుకున్నారు. ఇండికేటరు పుల్ల కూడా అక్కడి బండ్లలో ఎడమవైపు ఉంటుంది కాబట్టి, మొదటి రోజు ప్రతి మలుపుకూ వైపర్లు ఆడతాయని మేము ముందే సిద్ధపడ్డాము. బంకులో మన బండికి మనమే పోసుకోవాలి. పంపు గొట్టం ముక్కు మీద గుండ్రటి గుర్తుంటే పెట్రోలు, చదరపు గుర్తుంటే డీజిలు. మోటారు రహదారి మీద మూడు దేశాల్లోనూ గరిష్ఠ వేగం 130. స్లొవాకియా, హంగరీల్లో నడిపేవారి రక్తంలో మద్యం సున్నా ఉండాలి, ఒక్క గ్లాసు బీరు తాగినా నేరమే. నాకు బాగా నచ్చిన నియమం ఆస్ట్రియాది. రహదారి మీద వాహనాలు స్తంభించగానే, ఎడమ వరుసలోని బండ్లు ఎడమ అంచుకు, మిగతావన్నీ కుడికి జరిగి, మధ్యలో అంబులెన్సుకు దారి వదలాలి. అంబులెన్సు వచ్చాక కాదు, రాకముందే. ఎన్ఏడీ కూడలిలో సైరను మోత వింటూ కదలలేక నిలబడిన సాయంత్రాలు ఆ నియమం చదువుతుంటే గుర్తొచ్చాయి.

తిండి విషయంలో అత్తయ్య గారితో రాజీ ఇంకా కుదరలేదు. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకువెళ్ళడానికి ఐరోపా సమాఖ్య ఒప్పుకోదు కాబట్టి చికెన్ పచ్చడి, నెయ్యి సీసా రెండూ ఇంట్లోనే ఉంటాయని చెప్పాను. నెయ్యి లేకుండా కందిపొడి ఎందుకు అని ఆవిడ ప్రశ్న. ఆస్ట్రియాలో ఆదివారాలు దుకాణాలు మూసి ఉంటాయి, మేము గ్రాట్స్‌లో ఉండేది సరిగ్గా ఆదివారమే. కాబట్టి ఆ రాత్రికి పులిహోర పేస్టు, చిన్న రైస్ కుక్కరు పెట్టెలోకి చేరాయి.

అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌కు వెయ్యి రూపాయల రుసుము, ఏడాది గడువు. కానీ దరఖాస్తుతో పాటు పాస్‌పోర్టు, వీసా ప్రతులు కూడా కావాలి కాబట్టి ముందు వీసా రావాలి. వేలిముద్రలు ఇవ్వడానికి మేము నలుగురం హైదరాబాదు వెళ్ళాలి. వచ్చే సోమవారం రాత్రికి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో టికెట్లు తీశాము. రెండు ఖరారయ్యాయి, రెండు ఇంకా వెయిటింగ్ లిస్టులోనే ఉన్నాయి.